పలు రిసీవర్లు – ఒకే దశ

తరంగాల పాఠంలో మీరు తరంగదైర్ఘ్యం, పౌనఃపున్యం, వ్యతికరణం గురించి చదివారు. రెండు సంబద్ధ జనకాల నుంచి వచ్చిన కాంతి తెరపై వెలుగు, చీకటి పట్టీలను ఏర్పరచడం మీకు గుర్తుండే ఉంటుంది. ఈ పాఠంలో అదే సూత్రాన్ని రేడియో తరంగాలకు అన్వయిస్తాం. అయితే ఒక తేడా ఉంది. అక్కడ జనకాలు రెండు, తెర ఒకటి. ఇక్కడ జనకం ఒక్కటే. దాన్ని వినే రిసీవర్లు రెండు కావచ్చు, ఐదు కావచ్చు, ముప్పై కావచ్చు. ఈ రిసీవర్లన్నింటి దశలను ఎలా కలుపుతారో, కలపకపోతే ఏమవుతుందో తెలుసుకుందాం. ఒక పెన్సిలు, కాగితం, సైను పట్టిక దగ్గర పెట్టుకుని చదవండి. లెక్కలు చిన్నవే. వాటిని మీ చేతితో చేస్తేనే పాఠం అర్థమవుతుంది.

14.1 దశల అవసరం ఎక్కడ వస్తుంది?

సముద్రంలో ఒక పడవ ప్రమాదంలో చిక్కుకుందని ఊహించండి. పడవలోని ఆపద సూచక పరికరం 406 మెగాహెర్ట్జ్ వద్ద ఉపగ్రహాలకు సందేశం పంపుతుంది. పరికరంలో జీపీఎస్ లేకపోతే, ఉపగ్రహం డాప్లర్ పద్ధతిలో లెక్కకట్టిన స్థానం సుమారు 5 కిలోమీటర్ల వరకు అటూ ఇటూ కావచ్చు. చీకట్లో, అలల మధ్య, 5 కిలోమీటర్లంటే చాలా దూరం. అందుకే అటువంటి పరికరాలు 121.5 మెగాహెర్ట్జ్ వద్ద మరో బలహీనమైన సంకేతాన్ని కూడా పంపుతూ ఉంటాయి. 2009 ఫిబ్రవరి 1 నుంచి ఉపగ్రహాలు ఈ రెండో సంకేతాన్ని వినడం మానేశాయి. ఇప్పుడది దగ్గరికి వెళ్లిన రక్షకులకు దారి చూపడానికే ఉపయోగపడుతోంది.

వెతకడానికి వెళ్లిన విమానానికి ఆ సంకేతం వినిపించినంత మాత్రాన సరిపోదు, అది ఏ దిక్కు నుంచి వస్తోందో తెలియాలి. దిక్కు కనుక్కోవడానికి అనేక పద్ధతులున్నాయి. వాటిలో ఒకటి రెండు ఆంటెన్నాలకు అందిన తరంగాల దశలను పోల్చడం.

14.2 దశాభేదం, దిక్కు

ముందు దశ అంటే ఏమిటో గుర్తు చేసుకుందాం. రెండు సైకిళ్లు పక్కపక్కనే ఒకే వేగంతో వెళ్తున్నాయి. చక్రాలు ఒకే పరిమాణంలో ఉన్నాయి. రెండు చక్రాలూ సెకనుకు అన్నే చుట్లు తిరుగుతాయి, అంటే పౌనఃపున్యం సమానం. కాని ఒక చక్రంలో గాలి కొట్టే వాల్వు పైన ఉన్నప్పుడు రెండో చక్రంలో వాల్వు ముందువైపు ఉండవచ్చు. ఈ తేడా పావు చుట్టు, అంటే 90 డిగ్రీలు. దీనినే దశాభేదం అంటారు. వేగం మారనంతవరకు ఈ భేదం కూడా మారదు.

ఇప్పుడు రెండు ఆంటెన్నాలను తీసుకోండి. 121.5 మెగాహెర్ట్జ్ తరంగం తరంగదైర్ఘ్యం సుమారు 2.47 మీటర్లు. ఆంటెన్నాల మధ్య దూరం ఇందులో సగం, అంటే 1.23 మీటర్లు ఉంచుదాం. తరంగం సరిగ్గా ఎదురుగా వస్తే రెండింటినీ ఒకేసారి తాకుతుంది, దశాభేదం సున్న. పక్కకు వాలి వస్తే ఒక ఆంటెన్నాను ముందు, రెండోదాన్ని కాస్త ఆలస్యంగా తాకుతుంది. ఎదురు దిశ నుంచి వాలిన కోణం θ అయితే, రెండో ఆంటెన్నాకు తరంగం నడవాల్సిన అదనపు దూరం 1.23 × సైన్ θ మీటర్లు. ఒక తరంగదైర్ఘ్యానికి 360 డిగ్రీలు కాబట్టి,

దశాభేదం = 180 × సైన్ θ డిగ్రీలు.

ఈ ఒక్క సమీకరణం మీద ఆధారపడి మిగిలిన పాఠమంతా నడుస్తుంది. దీన్ని తిరగేసి చూడండి: దశాభేదాన్ని కొలిస్తే θ తెలుస్తుంది.

ఇప్పుడు కొలతలో తప్పు దొర్లిందనుకుందాం. సంకేతం నిజానికి ఎదురుగానే వస్తోంది, కాని మన రిసీవర్లలో ఒకటి 30 డిగ్రీల తేడాను తనంతట తానే చేర్చింది. అప్పుడు సైన్ θ = 30/180, అంటే θ సుమారు 9.6 డిగ్రీలు. పడవ 20 కిలోమీటర్ల దూరంలో ఉంటే, మనం దానికి 3.4 కిలోమీటర్లు పక్కగా వెతుకుతాం. రిసీవర్లో సంకేతం చక్కగా వినిపిస్తూనే ఉంటుంది. తప్పు ఎక్కడుందో చెవికి తెలియదు. దశల విషయంలో జాగ్రత్త పడాల్సింది ఇందుకే.

రెండు ఆంటెన్నాలతో ఇంకో ఇబ్బంది కూడా ఉంది. ముందు నుంచి వచ్చినా, వెనక నుంచి వచ్చినా దశాభేదం ఒకటే. అందువల్ల వాస్తవంలో ఐదు ఆంటెన్నాలను వృత్తాకారంలో అమర్చడం వంటివి చేస్తారు. సూత్రం మారదు.

పాఠగత ప్రశ్న 1: పై అమరికలో దశాభేదం 90 డిగ్రీలు వచ్చింది. సంకేతం ఎదురు దిశ నుంచి ఎంత వాలి వస్తోంది?

14.3 సాఫ్ట్‌వేర్ రేడియో

పాత రేడియోలో ట్యూనింగు, వడపోత, ధ్వనిని వేరుచేయడం అన్నీ తీగచుట్టలు, కెపాసిటర్లు, ట్రాన్సిస్టర్లు చేసేవి. సాఫ్ట్‌వేర్ రేడియోలో వాటి పని చాలావరకు కంప్యూటరు చేస్తుంది. రిసీవరు చేసేది రెండు పనులే. ఆంటెన్నా నుంచి వచ్చిన అధిక పౌనఃపున్య సంకేతాన్ని తనలోని స్థానిక డోలకంతో కలిపి తక్కువ పౌనఃపున్యానికి దించుతుంది. తరువాత దాన్ని సెకనుకు లక్షలసార్లు కొలిచి అంకెలుగా మారుస్తుంది. ఒక్కొక్క కొలతను నమూనా అంటారు. ప్రతి నమూనాలోనూ రెండు అంకెలుంటాయి. గ్రాఫు కాగితం మీద ఒక బిందువుకు x, y ఉన్నట్లే ఇవీ. మూలబిందువు నుంచి ఆ బిందువుకు గీసిన రేఖ పొడవు సంకేతపు బలాన్ని, రేఖ చేసే కోణం దశను తెలుపుతాయి. అంటే సాఫ్ట్‌వేర్ రేడియోలో దశ మనకు నేరుగా అంకెల్లోనే చిక్కుతుంది.

కంప్యూటరులో టీవీ చూడటానికి తయారైన కొన్ని చవక యూఎస్‌బీ పరికరాలు ఇటువంటి నమూనాలను నేరుగా ఇవ్వగలవని 2012 ప్రాంతంలో అభిరుచిగల ఇంజనీర్లు బయటపెట్టారు. అంతవరకు ప్రయోగశాలలకే పరిమితమైన పని విద్యార్థి బల్లమీదికి వచ్చింది. రెండు పరికరాలు కొని, రెండు ఆంటెన్నాలు తగిలించి, దశాభేదం లెక్కకట్టవచ్చు కదా అని ఎవరికైనా అనిపిస్తుంది. కాని అలా చేస్తే ఫలితం రాదు. ఎందుకో చూడండి.

14.4 రెండు గడియారాల చిక్కు

ప్రతి పరికరంలోనూ ఒక క్వార్ట్జ్ స్ఫటికం ఉంటుంది. పైన చెప్పిన పరికరాల్లో దాని పౌనఃపున్యం 28.8 మెగాహెర్ట్జ్. స్థానిక డోలకం పౌనఃపున్యాన్నీ, నమూనాలు తీసే వేగాన్నీ నిర్ణయించేది ఇదే. ఏ రెండు స్ఫటికాలూ అచ్చంగా ఒకే వేగంతో కంపించవు. రెండింటి మధ్య తేడా పది లక్షల్లో ఒక వంతు మాత్రమే ఉందనుకుందాం. చవక పరికరాలకు ఇది మంచి స్థాయే. అయినా 121.5 మెగాహెర్ట్జ్‌లో పది లక్షల్లో ఒక వంతు అంటే 121.5 హెర్ట్జ్. ఒక డోలకం రెండోదానికంటే సెకనుకు 121.5 చుట్లు ముందుకు పోతుంది. మనం కొలవాల్సిన దశాభేదం సెకనుకు నూట ఇరవైకి పైగా గిర్రున తిరుగుతుంటే, దాని నుంచి దిక్కు ఎలా చెప్పగలం?

ఇందుకు పరిష్కారం తెలిసిందే. ఒక్క స్ఫటికాన్ని మాత్రమే ఉంచి, దాని సంకేతాన్ని అన్ని రిసీవర్లకూ పంచాలి. అభిరుచిగలవారు ఒక పరికరంలోని స్ఫటికాన్ని ఊడదీసి, రెండోదాని గడియారాన్ని తీగతో కలుపుతారు. క్రాకెన్ ఎస్‌డీఆర్ అనే పరికరంలో ఐదు రిసీవర్లను ఒకే పలకపై, ఒకే గడియారంతో నిర్మించారు. ఇప్పుడు చక్రాలన్నీ ఒకే వేగంతో తిరుగుతున్నాయి.

పాఠగత ప్రశ్న 2: రెండు గడియారాల మధ్య తేడా పది లక్షల్లో రెండు వంతులు. 100 మెగాహెర్ట్జ్ వద్ద దశాభేదం సెకనుకు ఎన్ని చుట్లు తిరుగుతుంది?

14.5 ఒకే గడియారం చాలదు

చాలా వివరణలు ఒకే గడియారం దగ్గరే ఆగిపోతాయి. అసలు చిక్కు ఇక్కడే మొదలవుతుందని గమనించండి. వేగాలు సమానమైనంత మాత్రాన వాల్వులు ఒకేచోట ఉండవు.

మొదటి కారణం స్థానిక డోలకం. 28.8 మెగాహెర్ట్జ్ గడియారం నుంచి కావలసిన పౌనఃపున్యాన్ని తయారుచేయడానికి ప్రతి రిసీవరులోనూ గుణించి, భాగించే వలయం ఒకటి ఉంటుంది. స్విచ్ వేసినప్పుడు, లేదా కొత్త పౌనఃపున్యానికి మార్చినప్పుడు ఈ వలయం చుట్టులో ఎక్కడ స్థిరపడుతుందో ముందుగా చెప్పలేం. ఈ రోజు రెండు రిసీవర్ల మధ్య 40 డిగ్రీలు, రేపు 215 డిగ్రీలు ఉండవచ్చు. ఒకసారి స్థిరపడ్డాక మాత్రం అలాగే ఉంటుంది.

రెండో కారణం నమూనాల మొదలు. కంప్యూటరు ఐదు రిసీవర్లకూ ‘మొదలుపెట్టు’ అని చెప్పినా, ఆ ఆజ్ఞ అన్నింటికీ ఒకే క్షణంలో అందదు. ఒకదాని మొదటి నమూనా రెండోదానికి వందల, వేల నమూనాల తరువాతిది కావచ్చు. సెకనుకు 24 లక్షల నమూనాలు తీస్తుంటే ఒక్కొక్క నమూనాకు పట్టే కాలం సుమారు 417 నానోసెకన్లు. ఒక్క నమూనా జరిగితే ఏం నష్టం అనుకోవద్దు. ట్యూన్ చేసిన కేంద్ర పౌనఃపున్యం నుంచి 3 లక్షల హెర్ట్జ్ దూరంలో ఉన్న సంకేతానికి ఆ ఒక్క నమూనా ఆలస్యం 45 డిగ్రీల తేడా తెస్తుంది. 6 లక్షల హెర్ట్జ్ దూరంలో ఉంటే 90 డిగ్రీలు. అంటే కాలంలో వచ్చిన ఆలస్యం పౌనఃపున్యంతో పాటు పెరిగే దశాభేదంగా కనిపిస్తుంది. మొదటి కారణం వల్ల వచ్చిన తేడా మాత్రం ఆ పట్టీలోని అన్ని పౌనఃపున్యాలకూ ఒకటే. ఈ రెండింటినీ విడదీయగలగడానికి ఈ భేదమే ఆధారం.

14.6 అందరికీ ఒకే గలగల

ఈ తేడాలను కొలవాలంటే అన్ని రిసీవర్లకూ ఒకే సంకేతాన్ని, ఒకే క్షణంలో వినిపించాలి. ఆ సంకేతం ఏదై ఉండాలి? ఒకే పౌనఃపున్యం గల శుద్ధ స్వరం పనికిరాదు. అది ప్రతి చుట్టుకూ తనను తాను పోలి ఉంటుంది కాబట్టి, ఎన్ని నమూనాలు జరిగిందో చెప్పలేం. పాత రేడియోలో స్టేషన్ దొరకనప్పుడు వినిపించే గరగర వంటి శబ్దమే ఇక్కడ కావాలి. దాని ఏ తునకా మరో తునకను పోలి ఉండదు. క్రాకెన్ వంటి పరికరాల్లో ఈ శబ్దాన్ని పుట్టించే చిన్న వలయం లోపలే ఉంటుంది. క్రమాంకనం సమయంలో ఆంటెన్నాలను స్విచ్‌తో వేరుచేసి, శబ్దాన్ని అన్ని రిసీవర్లకూ సమానంగా పంచుతారు.

తరువాత చేసే పనిని సహసంబంధం చూడటం అంటారు. ఒక చిన్న ఉదాహరణ మీరే చేసి చూడండి.

క రిసీవరు: 3, 1, –2, 3, –1, –3
చ రిసీవరు: 2, –1, 3, 1, –2, 3

పైవరుస అంకెను దాని కిందున్న అంకెతో గుణించి, లబ్ధాలన్నీ కూడండి. మొత్తం –5 వస్తుంది. చ వరుసను ఒక స్థానం ఎడమకు జరిపి, జతపడిన అంకెలను మళ్లీ గుణించి కూడండి: –11. రెండు స్థానాలు జరిపితే 23. మూడు జరిపితే –5. రెండు స్థానాల దగ్గర మొత్తం ఒక్కసారిగా ఎగిసింది. అంటే చ రిసీవరు రెండు నమూనాలు ఆలస్యంగా నడుస్తోంది. కంప్యూటరు ఇదే పనిని వేలాది నమూనాలతో చేస్తుంది. అందువల్ల శిఖరం ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది.

నిజమైన నమూనాల్లో x, y రెండూ ఉంటాయని చెప్పుకున్నాం. కాబట్టి శిఖరం వద్ద వచ్చే మొత్తానికి పొడవుతో పాటు కోణం కూడా ఉంటుంది. ఆ కోణమే రెండు స్థానిక డోలకాల మధ్య మిగిలిన దశాభేదం. ఆలస్యమైన నమూనాలను వదిలేసి, మిగిలిన ప్రతి నమూనానూ ఆ కోణం మేరకు వెనక్కి తిప్పితే రెండు రిసీవర్ల దశలూ కలుస్తాయి. నమూనాలో కొంత భాగం మేరకు ఆలస్యం ఇంకా మిగిలి ఉంటే, అది పట్టీ పొడవునా దశలో వాలుగా కనిపిస్తుంది. దాన్ని కూడా సరిచేస్తారు.

ఈ సవరణ శాశ్వతం కాదు. పౌనఃపున్యం మార్చినా, నమూనాలు తీయడం ఆపి మళ్లీ మొదలుపెట్టినా, మళ్లీ కొలవాలి. పరికరం వేడెక్కుతున్న కొద్దీ దశ కాస్త కాస్తగా జరుగుతుంది. కాబట్టి కాసేపు నడిపి, వేడి స్థిరపడ్డాక కొలవడం మంచిది.

14.7 పెట్టె బయట మిగిలినది

క్రమాంకనం పూర్తయింది, తెరపై దశాభేదాలన్నీ సున్నకు వచ్చాయి. అయినా దిక్కు తప్పుగా వస్తోంది. కారణం ఏమై ఉంటుంది? ఒక నిమిషం ఆలోచించి తరువాత చదవండి.

శబ్దాన్ని ఇచ్చింది పెట్టె లోపల. సంకేతం వచ్చేది ఆంటెన్నా నుంచి. ఈ రెండింటి మధ్య ఉన్న కేబుళ్లను ఎవరూ కొలవలేదు. సాధారణ కోయాక్సియల్ కేబులులో తరంగం శూన్యంలోకంటే నెమ్మదిగా, సుమారు 0.66 వంతు వేగంతో ప్రయాణిస్తుంది. అందువల్ల 121.5 మెగాహెర్ట్జ్ వద్ద కేబులు లోపలి తరంగదైర్ఘ్యం 1.63 మీటర్లే. ఒక కేబులు రెండోదానికంటే 10 సెంటీమీటర్లు ఎక్కువుంటే 22 డిగ్రీల దశాభేదం వచ్చి చేరుతుంది. 14.2లోని సమీకరణంతో చూస్తే ఎదురు దిశలో ఇది 7 డిగ్రీల తప్పు. 20 కిలోమీటర్ల దూరంలో సుమారు రెండున్నర కిలోమీటర్లు. జానెడు కేబులు కూడా కాదు, దానికంత ప్రభావం!

అందుకే కేబుళ్లన్నీ ఒకే రకం, ఒకే పొడవు ఉండాలి. ఇంకా నమ్మకమైన పద్ధతి, స్థానం తెలిసిన ఒక ప్రసార కేంద్రం వైపు చూడటం. ఉదాహరణకు ఆకాశవాణి ఎఫ్‌ఎం స్తంభం మీ మేడకు ఏ దిక్కున ఉందో పటంలో చూసి తెలుసుకోవచ్చు. ఆ దిక్కుకు రావాల్సిన దశాభేదాన్ని ముందుగా లెక్కకట్టి, వచ్చినదానితో పోల్చితే ఆంటెన్నా, కేబులు, రిసీవరు అన్నింటి లోపమూ ఒకేసారి బయటపడుతుంది. ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. 121.5 మెగాహెర్ట్జ్‌పై ప్రయోగం కోసమని ఎట్టి పరిస్థితుల్లోనూ ప్రసారం చేయకూడదు. మీ పరీక్షా సంకేతాన్ని ఎవరో ఆపద పిలుపు అనుకుంటారు.

పాఠగత ప్రశ్న 3: పై కేబులు తేడా 10కి బదులు 5 సెంటీమీటర్లు ఉంటే దశాభేదం ఎంత? దిక్కులో తప్పు ఎంత?

14.8 ఖోడద్‌లోని ముప్పై పళ్లేలు

తెలిసిన దిక్కున ఉన్న జనకాన్ని చూసి దశలు సరిచేసే పద్ధతిని పెద్ద ఎత్తున వాడే చోటు మన దేశంలోనే ఉంది. పుణెకు ఉత్తరంగా సుమారు 80 కిలోమీటర్ల దూరంలో, నారాయణ్‌గావ్ సమీపంలోని ఖోడద్ వద్ద జెయింట్ మీటర్‌వేవ్ రేడియో టెలిస్కోపు ఉంది. గోవింద్ స్వరూప్ (1929–2020) నాయకత్వంలో దీన్ని నిర్మించారు. ఒక్కొక్కటి 45 మీటర్ల వ్యాసం గల 30 పళ్లేల వంటి ఆంటెన్నాలు ఇందులో ఉన్నాయి. వాటిలో 14 మధ్యభాగంలో దగ్గరదగ్గరగా ఉంటాయి. మిగిలిన 16 మూడు చేతులుగా చాచి ఉంటాయి. ఎక్కువలో ఎక్కువగా రెండు ఆంటెన్నాల మధ్య దూరం 25 కిలోమీటర్లు. కేంద్ర భవనం నుంచి ఒకే ప్రమాణ సంకేతం ఆప్టికల్ ఫైబరు ద్వారా అన్ని ఆంటెన్నాలకూ వెళ్తుంది; ఆంటెన్నాలు పట్టుకున్న సంకేతాలు ఫైబరు ద్వారానే భవనానికి వస్తాయి. మన ఐదు రిసీవర్ల పలకలో చూసినదే ఇదీ, పరిమాణం వేరు.

పల్సార్ అనే నక్షత్రం నుంచి వచ్చే స్పందనలు చాలా బలహీనమైనవి. వాటిని వినడానికి 30 ఆంటెన్నాల సంకేతాలను కూడాలి. కూడటం రెండు విధాలు. దశలు పట్టించుకోకుండా శక్తులను మాత్రమే కూడితే, ఒక్క ఆంటెన్నాతో పోల్చినప్పుడు సంకేతానికీ శబ్దానికీ మధ్య నిష్పత్తి 30 వర్గమూలం మేరకు, అంటే సుమారు 5.5 రెట్లు పెరుగుతుంది. దశలను కలిపి కూడితే ఆదర్శ స్థితిలో 30 రెట్లు పెరుగుతుంది. సముద్రపు ఒడ్డున పెద్ద వల లాగే మత్స్యకారులను మీరు చూసే ఉంటారు. ‘హైలెస్సా’ అన్న పిలుపుకు అందరూ ఒక్కసారిగా లాగితేనే వల కదులుతుంది. ఎవరికి తోచినప్పుడు వారు లాగితే, బలం ఉన్నా వల అక్కడే ఉంటుంది.

ఖోడద్‌లో ఆ పిలుపు ఆకాశం నుంచి వస్తుంది. 3సి48, 3సి286 వంటి బలమైన రేడియో జనకాల స్థానాలు ఖగోళ శాస్త్రజ్ఞులకు కచ్చితంగా తెలుసు. అన్ని ఆంటెన్నాలనూ అటువంటి ఒక జనకం వైపు తిప్పి, సంకేతాలను జతలు జతలుగా సహసంబంధం చూస్తారు. దాని నుంచి ఒక్కొక్క ఆంటెన్నాకు ఎంత దశ సవరించాలో లెక్కకట్టి, ఆ తరువాతే అసలు పల్సార్ వైపు తిరుగుతారు. ఈ సవరణలో పళ్లెం, ఫైబరు, రిసీవరుతో పాటు పైనున్న అయనోవరణం కలిగించే తేడా కూడా కలిసి ఉంటుంది. అయనోవరణం స్థిరంగా ఉండదు. మీటర్ల తరంగదైర్ఘ్యాల వద్ద దాని ప్రభావం ఎక్కువ. కొంతసేపటికి దశలు చెదిరిపోతాయి. దూరపు చేతుల చివర ఉన్న ఆంటెన్నాలు ముందుగా చెదురుతాయి. అప్పుడు పరిశీలన ఆపి, మళ్లీ ఆ తెలిసిన జనకం వైపు తిరిగి, సవరణ కొత్తగా చేసుకోవాలి. పరిశీలకునికి ఇచ్చిన సమయంలో కొంత ఇలా ఖర్చవుతుంది. తప్పదు.

14.9 తీగ వేయలేనంత దూరమైతే

ఆంటెన్నాలు వేర్వేరు ఖండాల్లో ఉంటే ఒకే గడియారాన్ని పంచడం కుదరదు. అప్పుడు ప్రతిచోటా హైడ్రోజన్ మేజర్ అనే అత్యంత నిలకడగల పరమాణు గడియారాన్ని వాడతారు. 2017 ఏప్రిల్‌లో ఈవెంట్ హొరైజన్ టెలిస్కోపు ఈ విధంగానే ఏడు టెలిస్కోపులతో 1.3 మిల్లీమీటర్ల తరంగదైర్ఘ్యం వద్ద ఎం87 గెలాక్సీ కేంద్రాన్ని పరిశీలించింది. నమూనాలను హార్డ్ డిస్కుల్లో నింపి, విమానాల్లో అమెరికాలోని హేస్టాక్‌కు, జర్మనీలోని బాన్‌కు చేర్చారు. దక్షిణ ధ్రువం నుంచి రావాల్సిన డిస్కుల కోసం అక్కడి శీతకాలం ముగిసి విమానాలు నడిచేదాకా ఆగవలసి వచ్చింది. అన్నీ చేరాక చేసిన మొదటి పని, మీరు 14.6లో క, చ వరుసలతో చేసినదే: ఒక వరుసను జరుపుతూ మొత్తం ఎక్కడ ఎగుస్తుందో వెతకడం. ఆ కృష్ణబిలం చిత్రాన్ని 2019 ఏప్రిల్ 10న విడుదల చేశారు.

పాఠగత ప్రశ్న 4: ఒకే రకమైన 16 ఆంటెన్నాల సంకేతాలను దశలు కలిపి కూడితే నిష్పత్తి ఎన్ని రెట్లు పెరుగుతుంది? శక్తులను మాత్రమే కూడితే?

జవాబులు

1. సైన్ θ = 90/180 = 0.5; కాబట్టి θ = 30 డిగ్రీలు. అయితే అది ముందు వైపో, వెనక వైపో రెండు ఆంటెన్నాలతో చెప్పలేం.
2. 200 చుట్లు.
3. 11 డిగ్రీలు, దిక్కులో తప్పు ఎదురు దిశలో సుమారు 3.5 డిగ్రీలు.
4. ఆదర్శ స్థితిలో 16 రెట్లు. శక్తులను మాత్రమే కూడితే 4 రెట్లు.